కాశమ్మ పాటలో ఖాళీ

గరాచర్మ నుంచి అబర్డీన్ బజార్‌కు పోయే బస్సులో ఆ పాట మోగగానే కాశమ్మకు ఒళ్లు మండింది. పాడుతున్న గొంతు ఇంకెవరిదో కాదు, తనదే. డ్రైవరు హుషారుగా సౌండు పెంచాడు. వెనక సీట్లో కాలేజీ పిల్లలు భుజాలు ఊపుతూ, సరైన చోటు రాగానే అందరూ ఒక్కసారిగా "మేరా రాజా!" అని అరిచారు. ఒళ్లో టిఫిన్ డబ్బా, కాళ్లకు తారు మరకలు పెట్టుకుని తమ మధ్యే కూర్చున్న ఈవిడే ఆ పాట పాడిందని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. పక్కనున్న అమ్మాయి "థోడా సరకో ఆంటీ" అంది. కాశమ్మ జరగలేదు, లేచి దిగిపోయింది. దిగాల్సిన స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతల ఉంది. ఎండలో నడుస్తూ కంపెనీని, ఆ పిల్లల్ని, తనను, అందరినీ వరసపెట్టి తిట్టుకుంది. ఎక్కువ తిట్లు తనకే పడ్డాయి.

కాశమ్మకు యాభై రెండేళ్లు. పుట్టింది రంగత్‌లో. తల్లి యర్రమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి, అడవి మధ్య రోడ్డు పడుతున్న రోజుల్లో కంకర తట్టలు మోసిన మనిషి. కూతురికి ఆస్తి ఇవ్వలేకపోయింది గానీ ఒక పాట ఇచ్చి పోయింది. కాశమ్మదీ అదే పని. ముప్పై ఏళ్లుగా రోజుకూలీ మజ్దూర్. గుంటలు పూడ్చడం, కాలువలు తవ్వడం, తారు పోయడం. ఎక్కడ పనికి వెళ్లినా మధ్యాహ్నం అన్నాలయ్యాక ఖాళీ తారు డబ్బా బోర్లించి, రెండు కర్రలు పట్టుకుని మొదలుపెట్టేది.

"రాయి మోసిందెవరు?" అని ఆమె అడిగితే "మేమే!" అని అందరూ అనాలి. "తారు పోసిందెవరు?" అంటే మళ్లీ "మేమే!" ఆ తర్వాత గొంతు పెంచి, "మేమేసిన రోడ్డు మీద ఏసీ కారులో పోయేదెవరు?" అని అడిగి ఠక్కున ఆపేసేది. డబ్బా ఆగిపోయేది, గొంతు ఆగిపోయేది. ఆ పాటలో అసలు సంగతంతా ఆ ఆగడంలోనే ఉంది. అక్కడ పాడేవాళ్లు ఏమీ అనకూడదు. ఆ సైటులో పనిచేసే వాళ్లు తమ కాంట్రాక్టరు పేరు అరవాలి. సాబ్ లేదు, గారు లేదు, ఉత్త పేరు. యర్రమ్మ రోజుల్లో ఒక పేరు, గరాచర్మలో ఒక పేరు, జెట్టీ దగ్గర ఇంకో పేరు. పాట ఒకటే, పేరు మాత్రం ఎక్కడిదక్కడే.

వినేవాళ్లకు అదేం గొప్పా అనిపించవచ్చు. పొద్దున లేస్తే ఎవరికి సలాం కొట్టాలో, ఎవరు రేపు రావద్దంటే పొయ్యి వెలగదో ఆ మనిషి పేరు పదిమందిలో ఉత్తగా పలకడం ఎంత కష్టమో పలికినవాళ్లకే తెలుస్తుంది. గరాచర్మలో మురుగు కాలువ పనిలో నాగరాజు అని ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. తినడానికైనా నీడ లేదు మొర్రో అంటే వినేవాడు కాదు. మూడు రోజులు వరసగా ఆ ఖాళీలో ముప్పైమంది "నాగరాజు!" అని అరిచారు. చుట్టుపక్కల కొత్త ఇళ్లవాళ్లంతా కిటికీలు తెరిచి చూశారు. నాలుగో రోజు పొద్దున్నే టార్పాలిన్ పందిరి వేయించి, ఎవరి మొహమూ చూడకుండా కారెక్కి పోయాడు. కాశమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఆ పాటను చెల్లెలి కూతురు చాందిని ఫోనులో వీడియో తీసి నెట్‌లోకి ఎక్కించింది. అది బజార్‌లో మొబైల్ షాపులో పనిచేసే పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది, రాయమంటే మాత్రం హిందీ అక్షరాలే. ఆ వీడియో ఎవరెవరో చూడగా చూడగా, ముంబైలోని పెద్ద మ్యూజిక్ కంపెనీ ఒకటి గోపీచంద్ అనే మనిషిని పంపింది. వైజాగ్ కుర్రాడే, మాట వెన్న. పాట తాము రికార్డు చేస్తామని, దేశమంతా వినిపిస్తామని అన్నాడు.

యూనియన్ పెద్ద గవరయ్యకు ఆ మాట చెవిన పడగానే బీపీ పెరిగింది. బజార్‌లో బట్టల కొట్టు మీదున్న యూనియన్ గదిలో కాశమ్మను కూర్చోబెట్టి క్లాసు పీకాడు.

"ఆళ్లెవరనుకున్నావు? మనం ఎవుల పేరు అరుస్తన్నామో ఆళ్లకి పెద్దన్నలు. అలాంటోళ్లకి మన పాటేటి అవసరం? బేచ్‌నే కే లియే, అంతే గదా!"

"అమ్ముకోనీ బాబాయ్," అంది కాశమ్మ. "ఎన్నాళ్లు అరుస్తాం ఈ తారు డబ్బా ఏసుకుని? మనం పాడతన్నాం, మనమే ఇంటన్నాం, మనమే చప్పట్లు కొట్టుకుంటన్నాం. ఆళ్ల కాడ దేశమంత మైకుంది. ఒకపాలి వాడుకుంటే తప్పేటి?"

"మైకు ఆళ్లదైతే స్విచ్చి కూడా ఆళ్లదే."

"మాట మార్చకూడదని రాయించీస్తాను. ఒక్క మాట కూడా."

కాశమ్మ పట్టుపట్టిందంటే వదలదని గవరయ్య ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు.

అన్నట్టే రాయించింది. గోపీచంద్‌ను తన ఇంటి గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టి, కాగితంలో ఆ ముక్క పడేదాకా టీ కూడా ఇవ్వలేదు. చాందిని ఇంగ్లీషులో చదివి చెప్పింది: పాటలో మాటలు మార్చరాదు, తీసివేయరాదు. "ఏక్ అక్షర్ భీ మార్చం దీదీ, మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు గోపీచంద్. పాట మాటలన్నీ చాందిని తెల్ల కాగితం మీద రాసిచ్చింది. పేరు అరవాల్సిన చోట ఏం రాయాలో తెలియక చుక్కలు పెట్టింది. ఏ పేరు రాస్తుంది పాపం? ఏ పేరూ రాయకూడదు గదా. కాశమ్మ కూడా చూసి సరేనంది.

చెన్నైకి తీసుకెళ్లి అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి పాడమన్నారు. "మేమే!" అనేవాళ్లు లేరు. "ఏసీ కారులో పోయేదెవరు?" అని అడిగి అలవాటు కొద్దీ ఆగింది. ఎవరూ అరవలేదు. ఆ గదిలో తన ఊపిరి తనకే వినిపించి కాశమ్మకు ఎలాగో అయిపోయింది. మాట మరిచిపోయిందనుకుని అద్దం అవతలి మనిషి మళ్లీ మొదటినుంచి పాడమని సైగ చేశాడు. అలా కాదు, అక్కడ అలాగే ఆగాలి, వినేవాళ్లు అరవాలి అని ఆమె గోపీచంద్‌కు విడమర్చి చెప్పింది. అతను తల ఊపాడు. "సమఝ్ గయా దీదీ. ఆ ఫీలు ఎక్కడికీ పోదు," అన్నాడు.

రెండు నెలలకు పాట వచ్చింది. కింద గుండెలదిరే వాయిద్యాలు, పైన కాశమ్మ గొంతు. "ఏసీ కారులో పోయేదెవరు?" అంది కాశమ్మ. వెంటనే పదిమంది ఆడపిల్లలు తీయగా "మేరా రాజా!" అన్నారు.

చాందిని మొహం పాలిపోయింది. కాశమ్మ మరోసారి పెట్టమంది. ఇంకోసారి పెట్టమంది. తర్వాత గోపీచంద్‌కు ఫోన్ చేయించింది.

"ఏటి బాబూ ఇది? మాట మార్చనన్నావు గదా?"

"ఏ మాట మార్చాం దీదీ? చెప్పండి. మీరు రాసిచ్చిన ప్రతి అక్షరం ఉంది. అక్కడ మీదేమీ లేదు కదా, చుక్కలున్నాయి. ఖాళీగా వదిలేస్తే పాట ఆగిపోయిందనుకుంటారు జనం. నింపాం, అంతే. చూడండి, ఎంత హిట్టో!"

వాడు చెప్పింది అబద్ధమైతే కాశమ్మ కడిగి పారేసేది. నిజమే చెప్పాడు. మాటలకు కాపలా పెట్టి, మాట లేని చోటును బార్లా తెరిచిపెట్టింది తనే. ఆ ఒక్క చోటు కోసమే కదా మిగతా పాటంతా! ఎందుకు తట్టలేదు తనకు? చిన్నప్పటినుంచీ అక్కడ ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారు. అది ఖాళీ అని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు, అదే తప్పు.

గవరయ్య ఎగతాళి చేస్తాడేమోనని యూనియన్ గది మెట్లు ఎక్కలేదు చాలా రోజులు. చివరకు ఆయనే కబురు పెట్టాడు. రంగత్‌లో పైడిబాబు అనే కాంట్రాక్టరు పదకొండుమంది ఆడవాళ్లను పనిలోంచి తీసేశాడు. వేడి తారు దగ్గర పనిచేయడానికి బూట్లు అడిగారు, అదీ వాళ్ల నేరం. మహాలక్ష్మమ్మ అనే ఆవిడకు పాదం కాలి బొబ్బలెక్కింది. అక్కడి బజారులో ధర్నా పెడుతున్నారు.

"నువ్వు రావాలమ్మా," అన్నాడు గవరయ్య. "ఒట్టి ధర్నా అంటే ముప్పైమంది రారు. నువ్వొస్తన్నావంటే బజారంతా వస్తది. పాట పాడయితే అయింది గానీ జనానికి తెలిసింది గదా. ఇస్తేమాల్ చేద్దాం, మనమూ వాడుకుందాం."

కాశమ్మలో చచ్చిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. పైడిబాబు ఊళ్లో మాట పడలేని మనిషి. బజారంతా కలిసి ఒక్కసారి అతని పేరు ఉత్తగా అరిస్తే ఆ పదకొండుమందినీ మళ్లీ పిలుస్తాడు. నాగరాజు పందిరి వేయించలేదూ? తాను పోగొట్టిన చోటును రంగత్‌లో తానే వెనక్కి లాక్కుంటుంది. రోడ్డు పొడుగునా బస్సులో అదే ఆలోచన.

గవరయ్య చెప్పినట్టే అయింది. రంగత్ బజార్‌లో నిలబడడానికి చోటు లేదు. అంతమంది ముందు ఆ పాట ఎప్పుడూ పాడలేదు ఆమె. పదకొండుమంది ఆడవాళ్లు ముందు వరసలో నేల మీద కూర్చున్నారు, మహాలక్ష్మమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని ఉంది. టైర్ల కొట్టు దగ్గర పైడిబాబు కారు దిగి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

కాశమ్మ మైకు ముందు నిలబడింది. "ఇనండి. ఆళ్లు పాడిన పాట కాదిది. నేను ఆగిన కాడ మేరా రాజా అనకండి. పైడిబాబు అనండి. సమఝ్ గయే?"

"హా!" అన్నారు జనం.

డబ్బా మోగింది. రాయి మోసిందెవరు? మేమే! తారు పోసిందెవరు? మేమే! ఆ "మేమే"కు బజారు అదిరింది. కాశమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏసీ కారులో పోయేదెవరు? అని అడిగి, కర్రలు పైకెత్తి ఆగింది.

"మేరా రాజా!"

అలవాటైన నోళ్లు. అరిచాక కొందరు నాలుక కరుచుకున్నారు, కొందరు నవ్వేశారు. టైర్ల కొట్టు దగ్గర పైడిబాబు కూడా నవ్వాడు. నవ్వి, పెళ్లికొడుకులా రెండు చేతులూ జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు. జనం ఈలలు వేశారు.

కాశమ్మ మళ్లీ చెప్పింది, మళ్లీ పాడింది. ఈసారి కావాలనే అరిచారు, పైడిబాబు మళ్లీ దండం పెడతాడని. అతను పెట్టాడు. ఫోన్లన్నీ అటు తిరిగాయి. గవరయ్య "చుప్! చుప్ రహో!" అంటూ గొంతు చించుకుంటున్నాడు గానీ ఎవరూ వినడం లేదు. కాశమ్మకు డబ్బా ఎత్తి అందరి మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టడానికి వాళ్లేం చేశారు? తన గొంతే నేర్పింది వాళ్లకు.

మూడోసారి పాడింది. ఆగాల్సిన చోట ఆగింది.

"మేరా రాజా!" అంది బజారు.

ఆ అరుపు అడుగున, ముందు వరసలోంచి మహాలక్ష్మమ్మ "పైడిబాబు!" అంది. వణుకుతూ, పిడికిలి బిగించి, సాబ్ లేకుండా. పక్కనే నిలబడింది కాబట్టి కాశమ్మకు వినిపించింది. ఇంకెవరికీ వినిపించలేదు.