రుషికుల్య ఒడ్డున రెండు పొట్లాలు

పిల్లలకు లోకం చూపించాలంటే భువనేశ్వర్‌కు ఏసీ బస్సే మాట్లాడాలా అని వారం రోజులుగా స్టాఫ్‌రూమ్‌లో వాదించి, చివరికి ఈ రోజు నా మాట నెగ్గించుకున్నాను. మా తొమ్మిదో తరగతిని బరంపురంలో ప్యాసింజరు ఎక్కించి గంజాం తీసుకెళ్లాను. రుషికుల్య సముద్రంలో కలిసేచోట, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకంతా తిరిగాం. భోజనాలు ఎవరిళ్ల నుంచి వాళ్లే తెచ్చుకున్నారు.

మా వైపు ఇలాంటి రోజున ఎవరో ఒకరి ఇంటి నుంచి మేస్టారికీ ఒక పొట్లం వస్తుంది. అందుకే నేనేమీ వండుకోలేదు. ఈ ఏడాదే గిరిసోల నుంచి వచ్చి చేరిన అమ్మాయి నా ముందు రెండు పొట్లాలు పెట్టింది.

"ఒకటి మీకు మేస్టారూ, ఇంకోటి ఇంటికాడ అమ్మగారికి. మీ ఒక్కరికే కడితే బాగోదని మా అమ్మ సెప్పింది."

మిగతా పిల్లలు తినడం ఆపేశారు. పోయినేడాది మా ఆవిడ పోయినప్పుడు వాళ్లంతా ఇంటికొచ్చినవాళ్లే. ఒకడు ఆ అమ్మాయికి ఏదో చెప్పబోతుంటే కళ్లతోనే వద్దన్నాను.

"అలాగేనమ్మా, ఇస్తాన్లే," అన్నాను.

నాది అక్కడే తినేశాను. రెండోది నాతో ఇంటికొచ్చి బల్ల మీద కూర్చుంది. విప్పబుద్ధి కావడం లేదు, పారేయబుద్ధీ కావడం లేదు.

బరంపురం మిత్రులెవరైనా ఇంకా భోంచేయకపోతే ఇటు రండి. పులిహోర బాగుంది. అమ్మగారికి నచ్చిందా అని రేపు ఆ పిల్ల అడుగుతుంది. ఎవరో ఒకరు తిని చెప్పాలి కదా.