పెరటి కుళాయిలో నేను పెట్టిన జాలీ

మా పెరటి కుళాయి ధార సన్నబడినప్పుడు, నేను వెనకా ముందూ చూడకుండా బోరు ఎండిపోతోందని తీర్పు చెప్పేశాను. జహీరాబాద్‌కి ఫ్యాక్టరీ ఉద్యోగం మీద వచ్చి పదేళ్లు దాటింది. అక్కడ పంపులూ పైపులూ చూసుకునేది నేనే. నీళ్ల సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న పొగరు కాస్త ఎక్కువే.

"ఈ ఎండాకాలానికి మొక్కలు వదిలెయ్. ఉన్న నీళ్లు ఇంట్లోకి సరిపోతే అదే పదివేలు," అన్నాను మా ఆవిడతో.

అవి మామూలు మొక్కలు కావు. గుంటూరు దగ్గర పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న విత్తనాలతో వేసిన వంగ మొక్కలు. ఆ రకం వంకాయ ఇక్కడ సంతలో దొరకదు. మళ్లీ వేద్దామంటే ఒక్క గింజ కూడా మిగల్లేదు. అప్పుడప్పుడే పూత మొదలైంది. అయినా ఆమె వాదించలేదు. "సరేలెండి," అని లోపలికి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పది రోజులు గడిచాయి. ఒక ఆదివారం, మా ఇంట్లో పనిచేసే చిరాగ్‌పల్లి ఊరామె ఆ కుళాయి కింద కాళ్లు కడుక్కోబోయి విసుక్కుంది.

"లోపటి నల్లాకు మంచిగనే వస్తున్నయి గద సారు. ట్యాంకు ఒక్కటే, బోరు ఒక్కటే. దీనికే ఏమొచ్చింది? జర ఇప్పి చూడున్రి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె మాటలో తప్పు దొరకలేదని ఇంకా మండింది. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, రెంచితో కుళాయి విప్పాను. దాని వెనక మూతిలో గుండ్రటి స్టీలు జాలీ ఉంది. దానికి తెల్లగా ఉప్పు పేరుకుపోయి, సందుల్లో ఇసుక బిగుసుకుపోయింది.

ఆ జాలీ నేను పెట్టిందే. ఇసుక లోపలికి పోకుండా ఫ్యాక్టరీలో ప్రతి పంపు ముందూ ఒకటి ఉంటుంది. ఆ అలవాటు కొద్దీ మూడేళ్ల కిందట ఇంటి కుళాయికి కూడా కత్తిరించి అమర్చాను. అక్కడైతే వారం వారం తీయించి కడిగిస్తాను. ఇక్కడ పెట్టిన సంగతే మర్చిపోయాను.

పనామె దాన్ని చింతపండులో నానేసి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. తిరిగి బిగించి వాల్వు తిప్పగానే నీళ్లు ఎగిరిపడి నా లుంగీ తడిసిపోయింది. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

పైపు పట్టుకుని వంగ మడి దగ్గరికి నడిచాను. ఎన్ని మొక్కలు మిగిలాయో అని భయమే. ఒక్కటి కూడా వాడలేదు. పాదుల్లో మట్టి తడిగా ఉంది. తడి మట్టి మీద అక్కడక్కడా బియ్యపు గింజలు.

"మీరు డ్యూటీకి పోయినంక బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అమ్మ బకెట్ల మోస్తనే ఉన్నది సారు," అంది పనామె.

వంటింట్లోకి వెళ్లి, "బోరు బాగానే ఉంది. తప్పు నాదే," అన్నాను.

"తెలుసు. ఈ వంటింటి కుళాయి రోజూ తిప్పేది నేనేగా," అంది మా ఆవిడ, పోపు గింజలు వేయిస్తూ.

"మరి చెప్పలేదేం?"

"చెబితే వినేవారా?"

వినేవాణ్ణి కాదు. ఆ పది రోజులూ ఆమె నా మాట విననందుకే ఆ మొక్కలు బతికాయి.