సగం డిక్షనరీ

మొన్న పొద్దున మనవరాలు ఫోను పట్టుకొచ్చి, అందులో వాడుకలోంచి పోయిన ఇంగ్లీషు మాటలేవో వస్తున్నాయని, "అమ్మమ్మా, ఫజెల్ అంటే ఏందో చెప్పు జూద్దాం" అంది. పనేమీ చేయకుండానే చేస్తున్నట్టు నటించడమని, పప్పులో రాళ్లు ఏరుతూనే చెప్పాను. పిల్ల నోరు తెరిచింది. ఆ మాటతో చిన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు తిట్లు తిన్నదాన్నని దానికేం తెలుసు?

లక్సెట్టిపేటలో మా బాపు మిషన్ బడి పంతులు. ఆ బడి నడిపిన దొరసాని తన దేశం తిరిగి వెళ్తూ సామాను పంచిపెడితే, తక్కినవాళ్లు కుర్చీలూ పింగాణీ ప్లేట్లూ తెచ్చుకున్నారు, బాపు మాత్రం ఒక పాత డిక్షనరీ తెచ్చుకున్నాడు, అదీ సగం చెదలు తినగా 'ఎల్' అక్షరం దాకానే మిగిలింది. మా అవ్వకు, అదే మా అమ్మకు, ఆ కోపం చివరిదాకా పోలేదు. బాపు బైబిలు తర్వాత దాన్నే చదివేవాడు. ఎంత తక్కువమందికి తెలిసిన మాటైతే అంత మర్యాదైన మాటని ఆయన నమ్మకం. సరిగ్గా అన్నం వేళకు వచ్చి మా పళ్లాల వంక చూస్తూ కూర్చునే మేనమామ చేసేది గ్రోక్, చన్నీళ్లు నెత్తిన పడగానే పుట్టే వణుకు కర్గ్లాఫ్, మేం అక్కాచెల్లెళ్లం రిబ్బను కోసం కొట్లాడితే బ్రాబుల్. 'ఎం' నుంచి మొదలయ్యే మాటలు ఇంగ్లీషులో అంత ముఖ్యం కావనేవాడు. ఆయనకు జీతమిచ్చే మిషన్ కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుందని గుర్తుచేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

బాపు రిటైరైన ఏడే కరీంనగర్‌లో ఒక బడి నుంచి నాకు టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవదు, ఇద్దరు చెల్లెళ్ల చదువు ఆగిపోతుంది. బాపు మూడు రోజులు కూర్చుని నా గురించి ఇంగ్లీషులో సిఫారసు ఉత్తరం రాసి, సర్టిఫికెట్ల పైన గుండుసూదితో గుచ్చి, "జర పైలం బిడ్డా, ముందుగాల గిదే ఇయ్యి" అన్నాడు. బస్సులో తీసి చదివాను. అన్నీ డిక్షనరీ మాటలే, సగం నాకే తెలియవు, చివరనేమో ఈ పిల్ల మా ఇంటికి అప్రిసిటీ అని ఉంది. అదేదో రోగం పేరనుకున్నాను. ఇది చూస్తే వాళ్లు నవ్వి పంపించేస్తారని, బస్సు చొప్పదండి దాటేలోగా సూది ఊడదీసి, ఉత్తరం మడిచి సంచి అడుగున దాచేశాను.

ఉద్యోగం వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక బాపు చర్చి వాకిట్లో నిలబడి, "నా ఉత్తరం సదివిండ్రు, మారు మాట్లాడలే, నౌకరి ఇచ్చిండ్రు" అని కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పాడు. ఇక దుబాయి పోయేవాళ్లూ, బదిలీ కావలసినవాళ్లూ అంతా మా అరుగు మీదే. ఆయన ఉత్తరాలు చదివిన ఆఫీసర్ల గతి ఏమైందో దేవుడికే తెలియాలి. నాకు మాత్రం బాపు పోయేదాకా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

మొన్న ఆ ఉత్తరం పెట్టె అడుగు నుంచి తీసి మనవరాలికి ఇచ్చాను. ఒక్కో మాటా ఫోనులో కొట్టి చూస్తూ అది పొట్ట పట్టుకుని నవ్వింది, నేనూ నవ్వాను. చివరి మాట దగ్గర ఆగి, "చలికాలంల ఎండ తగిలితే ఉండే వెచ్చదనమట, అమ్మమ్మా" అంది.

ఇప్పుడు ఏ మాటకైనా అర్థం ఫోనులో కొడితే చాలు. అప్పుడైతే బాపును అడగాలి, నేను అడగలేదు. మా వైపు చలి తెలిసినవాళ్లకు ఆ ఎండ ఎంతటిదో నేను చెప్పక్కర్లేదు. అందరికీ చూపించమని ఆయన రాసిచ్చిన ఆ మాటను, ఇన్నేళ్లూ సిగ్గుపడి దాచిపెట్టాను.