క్యూబెక్ సిటీలో అప్పజెప్పిన జవాబులు

నా వర్క్ పర్మిట్ ఆ ఏడాది డిసెంబరుతో ముగుస్తుంది. ఫ్రెంచి పరీక్ష గట్టెక్కితేనే ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కు తక్కువపడిన పాయింట్లు సమకూరుతాయి. పరీక్షకు పది రోజుల ముందు, జూలై ఎండలో, కెనడా పడమటి కొసన ఉన్న సర్రీ నుండి వచ్చిన అక్కాబావలను వెంటబెట్టుకుని మాంట్రియల్‌లో బస్సెక్కి క్యూబెక్ సిటీ చూడటానికి వెళ్లాను. వారికది విహారం, నాకు రిహార్సల్. ఆ సంగతి వారికి ముందుగా చెప్పాలని నాకు తోచలేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడిని నేను. బట్టీ పట్టి సంపాదించిన పట్టా అది. కనుక ఫ్రెంచిని కూడా పరీక్ష గైడు పుస్తకంలోని జవాబుల వరుస తప్పకుండా బట్టీ పట్టాను. నేనుండే నార్త్ యార్క్‌లో సబ్‌వే రైలు ఎక్కి, ఆఫీసు దగ్గర దిగేలోగా నలభై జవాబులు అప్పజెప్పుకునేవాడిని.

పాత కోటగోడ దాటగానే బేకరీలోకి నడిచాను. మొదటి జవాబు ప్రకారం పలకరించి, రెండవ జవాబు ప్రకారం మూడు రొట్టెలు అడిగాను. కౌంటరులోని అమ్మాయి ఏదో అడిగింది. నాకు అర్థమైనదల్లా మూడవ జవాబుకు వేళయిందని. చేతులు కట్టుకుని, మా ఇంట్లో నలుగురమనీ, మా నాన్నగారు రైతనీ, తీరిక వేళల్లో ఈత కొడతాననీ చెప్పాను. నాకు ఈత రాదు. ఆమె ఓపికగా అంతా విని, ఇక్కడే తింటారా, కట్టి ఇమ్మంటారా అని ఇంగ్లిషులో అడిగింది.

బయట బావ ఆపుకోలేకపోయాడు. ఆయన లారీ నడుపుతాడు. ఏ ఊళ్లోనైనా వేలితో చూపించి కావలసింది తెచ్చుకుంటాడు.

"అంతసేపు ఏం చెప్పినవ్ బామ్మర్దీ?"

"మన కుటుంబం గురించి, బావా."

"మరి పిల్లనిస్తరేమో గూడ అడగకపోయినవా?"

మధ్యాహ్నమంతా వారు చర్చిలూ ఫిరంగులూ చూస్తుంటే, నేను గైడు తెరిచి గోడవైపు తిరిగి గొణుక్కున్నాను. సాయంత్రం దిగువ వీధి నుండి మెట్లెక్కుతుంటే అక్క మోకాలు పట్టేసింది.

"నాతోని కాదురా తమ్ముడూ," అని అక్కడే కూలబడింది. పైన బస్సుకు అరగంటే ఉంది.

గైడులో మోకాలు లేదు. ఫోనులో దారి చూడవచ్చన్న ఆలోచన డిగ్రీ ఉన్నవాడికి రాలేదు. బొమ్మలమ్ముకునే పెద్దాయన దగ్గరికి పరుగెత్తి, "అక్క. కాలు. నొప్పి. మెట్లు వద్దు. పైన బస్సు," అని ఫ్రెంచిలో వచ్చిన ముక్కలన్నీ కుమ్మరించాను. ఆయన ఫ్రెంచిలోనే నెమ్మదిగా బదులిచ్చాడు. మలుపు తిరిగితే కొండ పైకి తీసుకుపోయే రైలుపెట్టె ఉందన్నాడు. ఆశ్చర్యంగా, ఉంది.

తిరుగు బస్సులో గైడు సంచిలో పెట్టేశాను. "అక్కా, నీకు తోచింది అడుగు. ఫ్రెంచిలో చెప్త," అన్నాను ఉత్సాహంగా.

అక్క మోకాలు రాసుకుంటూ ఆలోచించింది. "ఇయ్యాల ఆ ఊర్ల నీకు బాగ నచ్చిందేందిరా?"

పరీక్షాధికారి కూడా సరిగ్గా ఇటువంటిదే అడుగుతాడు. నోరు తెరిచాను. కోట, నది, చర్చి, ఏదీ నేను సరిగా చూడలేదు. ఫ్రెంచి మాట అటుంచి, తెలుగులో కూడా నా దగ్గర జవాబు లేదు.