ఒకే నంబరు మీద పదకొండు మంది

సముద్రం ఒడ్డున మా పల్లెలో మత్స్యకారుల సొసైటీకి గుమాస్తాని నేను. ఎవరు వేటకి వెళ్లారో పుస్తకంలో రాసి రాసి విసుగెత్తి, డేటాబేస్ పెడదామని నేనే ఎగిరాను. రాజమండ్రి వెళ్లి వారం రోజులు నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇంతే. వివరాలన్నీ గళ్ల పట్టికలో వరసలుగా ఉంటాయి. మనిషికో వరస. ఏ వరస ఎవరిదో చెప్పే గుర్తు ఒకటి ఉండాలి, అది ఇంకొకరికి ఉండకూడదు. పట్టికని చూసుకునే సాఫ్ట్‌వేర్ మనం పెట్టిన నియమం తప్పదు.

గుర్తుగా ఫోన్ నంబరు పెట్టాను. అదే నంబరు మళ్లీ వస్తే, అదే మనిషి మళ్లీ వెళుతున్నాడని, పాత వరస తీసేసి కొత్తది రాయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మా పల్లెలో వేటకెళ్లేవాళ్లు ఫోను ఇంట్లో పారేసి పోతారు. ఎవరు నంబరడిగినా రేవు దగ్గర టీ కొట్టు నంబరే చెబుతారు. కొట్టాయన కేకేస్తే పల్లెంతా వినపడుతుంది. ఇదంతా నాకు తెలుసు. నేను ఇచ్చేదీ ఆ నంబరే.

పట్టిక పెట్టిన వారానికే తుపాను హెచ్చరిక వచ్చింది. సముద్రంలో ఉన్నవాళ్ల గాలింపుకి వెళ్లే అధికారి జాబితా అడిగితే, కాగితం తీసి దర్జాగా చేతికిచ్చాను. చదవనైనా లేదు. గుమ్మంలో నిలబడ్డ ఒకావిడ, "మా ఆయన పేరుందాండి?" అంది.

వెతికాను. లేదు.

"అదేంటండి, మొన్న మీరే కదా ఎక్కించారు?"

ఎక్కించాను. ఆయన తర్వాత ఇంకో పది మందిని అదే నంబరు మీద ఎక్కించాను. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా ముందున్న పేరు చెరిగిపోయింది. సాఫ్ట్‌వేర్ ఒక్క మాట అడగలేదు. దాన్ని తిట్టి ఏం లాభం, అలా చెయ్యమన్నది నేనే. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

గుర్తు మార్చి, మనిషికో సంఖ్య ఇచ్చాను. రేవులో ఉన్న ఆడవాళ్లని పిలిపించి, వాళ్లు చెబుతుంటే పేర్లన్నీ మళ్లీ ఎక్కించాను. గుమ్మంలో నిలబడ్డ ఆవిడకి చదవడం రాదు. "ఆయన పేరు చదవండి" అంది. చదివాను. "ఇంకోసారి చదవండి" అంది. మళ్లీ చదివాను. అప్పుడే అధికారిని కొత్త కాగితంతో కదలనిచ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికి పడవలన్నీ ఒడ్డుకి చేరాయి. సంగతి విని ఆవిడ భర్త నవ్వేసి ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు. ఇప్పటికీ ఆయన వేటకెళ్లిన ప్రతిసారీ ఆఫీసుకొచ్చి, తెర ముందు నిలబడి, "ఉన్నారాండి?" అంటుంది. నాకు విసుగొస్తుంది. పేరు పైకి చదువుతాను.