చెవి దగ్గర ఆడించిన కాయ

చిత్తూరు హైస్కూల్లో పంతులుగా పనిచేస్తూ, ఐరాల పక్కన మాకున్న కొద్దిపాటి చేలో ఏటా వేరుశనగ వేసేవాణ్ని. ఎప్పుడు వాన పడింది, కాయ ఎన్నాళ్లు ఎండింది, అన్నీ డైరీలో రాసుకునేవాణ్ని. తొంభైల నడుమ ఒక ఏడాది ఆ డైరీయే నన్ను తప్పుదారి పట్టించింది.

ఆ కార్తీకంలో కాయ పీకి కల్లంలో ఆరబోయగానే ముసురు పట్టింది. మబ్బు విడిచాక పాత డైరీలు తిరగేశాను. ఏ ఏడు చూసినా ఆరు రోజుల ఎండ చాలింది. ఏడో రోజు పొద్దున్నే గోతాలకెత్తమన్నాను. ఏళ్లుగా మా చేలోకి కూలికి వచ్చే పెద్దామె ఒక కాయ తీసి, లోపల గింజ గలగలమంటుందేమోనని చెవి దగ్గర ఆడించింది.

"ఇంకా పలకలేదు అయివోరా. ఇంకో రెండెండలు తగలనీ."

ఆరు రోజులైంది గదక్కా అన్నాను. పక్కన ఊడుస్తున్నామె నవ్వి, "కాయకు లెక్కలు చెప్పిండారా మీరు?" అంది. నేనూ నవ్వాను గానీ మాట వినలేదు. గోతాలు కొట్టంలోకి చేరాయి.

ఎండాకాలం చివర విత్తనానికి కాయలు ఒలవడానికి ఆ పెద్దామే మరో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది. విత్తనానికి పనికొచ్చే పప్పు చేనుగలవాళ్లకు, ముడతపడినవీ పగిలినవీ కూలితోపాటు ఒలిచిన ఆడవాళ్లకు: అది మా వైపు ఆనవాయితీ. వాళ్లిళ్లలో సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నూరేది ఆ పప్పుతోనే.

మొదటి గోతం విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. ఆమె ఒక గింజను గోటితో రెండు బద్దలు చేసింది. నడిమధ్య పచ్చని బూజు. మధ్యాహ్నానికి పనికిరాదని ఏరిన కుప్ప మంచి కుప్పను మించిపోయింది. ఈసారి తమ వంతు ఎక్కువొచ్చిందని మిగతా ముగ్గురూ సంబరంగా కొంగుల్లో మూట కట్టుకున్నారు. పెద్దామె మూటలు విప్పమంది. వేయిస్తే బూజు పోతుంది లెమ్మని ఒకామె వాదించింది.

"వేయించినా పోదు. బూజు పట్టిన గానుగ చెక్క తినే నా ఎనుము మేత మాని సచ్చిపాయ. అంత గొడ్డే తట్టుకోలేదే, బిడ్డలేం తట్టుకుంటారు?"

ముగ్గురూ మూటలు విప్పారు. వాటిని నూనె మిల్లుకు తోలేస్తానన్నాను నేను, అదేదో ఉపాయమైనట్టు. ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఆ చెక్క మళ్లా ఎవరో ఒకరి ఎనుముకే గదా అయివోరా పెట్టేది?"

మిల్లు మాట మానుకున్నాను. ఆమె తన వంతు కుప్పను తనే గంపకెత్తి, కొట్టం వెనక పొట్టు మంటలో పోసింది. తక్కిన గంపలు నేను మోశాను. ఆ పొగ నా కళ్లల్లో ఇంకా ఉంది. ఆడవాళ్ల వంతు మంచి కుప్పలోంచే కొలిచి ఇచ్చాను. ఆమె మాత్రం తనకు తక్కువే చాలని, సగం మళ్లీ కుప్పలో పోసింది, నాకు విత్తనం చాలదని. నిజంగానే ఆ ఏడు సగం చేనే విత్తాను.

ఆ బూజు పుట్టించే విషం నిప్పుమీద వేయించినా పూర్తిగా పోదనీ, చెక్క తిన్న గొడ్డు పాలల్లోకీ వస్తుందనీ చాలా ఏళ్లకు ఒక వ్యవసాయాధికారి చెప్పగా విన్నాను. ఆమె బడి గడప తొక్కలేదు. ఒక ఎనుమును పోగొట్టుకుని నేర్చుకుంది.

మరుసటి కార్తీకంలో పాత డైరీలు తీయలేదు. ఆరో రోజు ఆమె కాయ ఆడించి తల అడ్డంగా ఊపింది. ఏడో రోజూ అంతే. తొమ్మిదో రోజు కాయను నా చెవి దగ్గరే పెట్టి ఆడించింది. ఆనాటి పేజీలో ఒకే వాక్యం ఉంది: ఈరోజు కాయ పలికింది.