గంజి పడని గుడ్డ

పొద్దున్నే తెనాలిలో మా డాబా మీద స్కూలు పిల్లల జెర్సీలు ఆరేస్తుంటే బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా డ్రిల్ మేడమ్ పోయారు. చెప్పింది వాళ్ళ చెల్లెలుగారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. వాకింగ్ నించి వచ్చి, కాఫీ పెట్టవే అని కుర్చీలో కూర్చుంది. నేను గ్లాసు పట్టుకొచ్చేసరికి లేదు" అన్నారు. ఆవిడ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న జెర్సీకి క్లిప్పు పెట్టాను. మిగిలినవి కూడా ఆరేశాకే కిందికి దిగాను. తడిబట్టలు బకెట్లో వదిలేసి వస్తే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

మీకు ఆవిడ తెలియదు. పేపర్లో ఫొటో పడేంత పెద్దమనిషి కాదు. బాపట్లలో నేను చదివిన హైస్కూల్లో ఆటల టీచరు. పొట్టిగా ఉండేవారు. విజిలూ, చిన్న సిలువా ఒకే తాడుకి కట్టి మెళ్ళో వేసుకునేవారు. పరిగెత్తినప్పుడు అవి రెండూ టకటకా కొట్టుకునేవి. పెళ్ళి చేసుకోలేదు. నా జెర్సీ నంబరు ఏడు కాబట్టి, ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను "ఏడో నంబరూ" అనే పిలిచేవారు. నేనూ ఇప్పుడు ఆటల టీచర్నే, నాకూ ఇద్దరు పిల్లలు. అయినా ఆ పిలుపు వినగానే వీపు దానంతటదే నిటారుగా అయ్యేది.

ఆవిడకి కబడ్డీ ఎంత ముఖ్యమో, కబడ్డీ ఆడిన బట్ట కూడా అంతే. "ఒసే, చెమట బట్టని బ్యాగులో కుక్కి జిప్పేస్తే అది ఊరగాయ పెట్టినట్టేనే! రేపు తీసి వడ్డిస్తావా?" అని తిట్టేవారు. ఇంటికెళ్ళగానే చన్నీళ్ళలో ముంచాలి. తిరగేసి ఉతకాలి. "చెమట పట్టింది లోపల, నువ్వు రుద్దేది బయట. ఏంటమ్మా లాభం?" సబ్బుపొడి చిటికెడు చాలు. నురగ ఎక్కువైతే బట్ట శుభ్రమైనట్టు కాదు, జాడించే చేతులకి పని పెరిగినట్టు. బండకేసి బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు, నీడలో ఆరేయాలి. అరగంటకి మించి నానబెట్టకూడదు, వదిలిన మురికి మళ్ళీ గుడ్డలోకే వెళ్తుంది. మనిషికి ఒక్క జెర్సీ ఇచ్చేది మా స్కూలు. అది టెన్త్ అయ్యేదాకా రావాలి.

ఈ రూల్సన్నీ రేపల్లె మ్యాచ్ తర్వాత పుట్టాయి. వాటికి కారణం మా అమ్మ.

మాది పిట్టలవానిపాలెం. అమ్మ వరి చేలల్లో కూలికి వెళ్ళేది. రేపల్లెలో నా మొదటి మ్యాచ్. కొత్త జెర్సీ ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ మురిసిపోయింది. నలుగురిలోకి వెళ్ళే బట్టకి గంజి లేకపోతే ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. ఉన్న రెండు చీరలకీ గంజి పెట్టేది, నా లంగా ఓణీకి పెట్టేది. అలాగే ఆ నైలాన్ జెర్సీని కూడా చిక్కటి గంజిలో ముంచి, మండుటెండలో ఆరేసి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. ఏడో నంబరు ఒక కొస కరిగి ముడుచుకుపోయింది. జెర్సీ అప్పడంలా తయారైంది. నేను నోరెత్తలేదు. అమ్మ ముఖం అంత వెలిగిపోతుంటే ఏం అంటాం?

గ్రౌండ్లో దిగిన కాసేపటికి చెమట పట్టింది. ఎండిన గంజి మళ్ళీ జిగురయింది. చంకల్లో ఒరుసుకుపోయి మంట. జెర్సీ ఒంటికి అతుక్కుని చెయ్యి పైకి లేవదు. రెండుసార్లు కూతకి వెళ్ళి రెండుసార్లూ దొరికిపోయాను. అవతలి జట్టు పిల్ల నన్ను పట్టుకుని చెయ్యి వాసన చూసుకుని, "ఏంటే, అన్నం వాసనొస్తున్నావ్!" అంది. అందరూ నవ్వారు. మా వాళ్ళు కూడా నవ్వారు.

హాఫ్ టైమ్‌లో మేడమ్ నన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళారు. తువ్వాలు అడ్డం పట్టి జెర్సీ విప్పించారు. నేను ఏడుస్తూ, "మా అమ్మ చేసిందండి. ఆవిడకేం తెలీదండి" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషం అమ్మ మీద నాకు అసహ్యం వేసింది. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

మేడమ్ జెర్సీ జాడిస్తూనే నా వైపు చూశారు. "నోర్ముయ్. మీ అమ్మకి అన్నీ తెలుసు. ఈ గుడ్డ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పాల్సింది నేను. తప్పు నాది" అన్నారు. గబగబా మూడుసార్లు జాడించి, తువ్వాల్లో చుట్టి ఒత్తి, తడిదే వేసి పంపించారు. ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం, అబద్ధం ఎందుకు. కానీ రెండో సగంలో నేను దొరకలేదు.

ఆ ఆదివారం చర్చి అవగానే ఆవిడ జట్టు జెర్సీలన్నీ మూటగట్టుకుని మా ఊరు బస్సు దిగారు. అమ్మ కంగారు పడిపోయి కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తింది. మేడమ్ బోరింగు దగ్గర చీర దోపుకుని కూర్చున్నారు. "ఇవన్నీ ఉతకాలమ్మా, మీరూ ఓ చెయ్యి వెయ్యండి" అన్నారు. ఇద్దరూ ఉతికారు. చివర్లో అమ్మ, "ఉండండి మేడమ్‌గారండి, గంజి తెస్తాను" అని లేచింది.

"వద్దులెండి. కొందరికి వంకాయ పడదు చూడండి, దురదొస్తుంది. అలాగే ఈ గుడ్డకి గంజి పడదు" అన్నారు మేడమ్.

అమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "అయ్యో. మరి మొన్న రేపల్లెలో..." అంది.

"మొన్న మీ అమ్మాయి బాగా ఆడిందండి" అన్నారు మేడమ్.

అంతే. ఆ తర్వాత నేను స్కూలు వదిలేదాకా జట్టు జెర్సీలు అమ్మే చూసుకుంది. ఒక్కటి చిరగలేదు, ఒక్కదాని రంగు పోలేదు. ఊళ్ళో అందరికీ "ఆటబట్టలు ఎలా ఉతకాలో నాకు తెలుసు" అని గొప్పలు పోయేది. అమ్మ పోయిన రోజు మేడమ్ వచ్చి నా పక్కన కూర్చుని, "నా అసిస్టెంటు పోయిందే" అని కళ్ళు తుడుచుకున్నారు.

మొదటి జీతంతో నేను ఆవిడకి నీలం రంగు టీషర్టు కొన్నాను. "ఇంత ఖరీదు గుడ్డ నాకెందుకే" అని తిట్టి, మర్నాటి నుంచీ దాంతోనే వాకింగ్‌కి వెళ్ళారు. ఏళ్ళు గడిచాయి. కొత్తది కొంటానంటే, "ఇది పాతబడితేగా! నాకంటే ఇదే ఎక్కువ రోజులుంటుంది చూడు" అని నవ్వేవారు. నేనూ నవ్వాను.

ఆ రోజు రైలెక్కి బాపట్ల చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఇంటినిండా జనం. ఆవిడకి స్నానం చేయించడానికి ఆడవాళ్ళు సిద్ధం చేస్తున్నారు. ఎవరో పెద్దావిడ, "అమ్మాయ్, బాత్రూంలో బకెట్ ఉంది, ఖాళీ చేసి ఇలా పట్రా" అంది. వెళ్ళాను. వంపబోతే లోపల నీలం టీషర్టు కనపడింది. తిరగేసి ఉంది. వాకింగ్ నుంచి రాగానే ఎప్పటిలాగే నానబెట్టి, అప్పుడు వెళ్ళి కుర్చీలో కూర్చున్నారన్నమాట. అరగంటలో వచ్చి ఉతుక్కుందామనే కదా. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. పొద్దుట్నించీ రాని ఏడుపంతా అక్కడే వచ్చింది.

పెద్దావిడ లోపలికి తొంగి చూసి, "ఇప్పుడదెందుకమ్మా ఉతకడం? ఎలాగూ పడేసేదేగా" అంది.

"పడెయ్యనండి!" అని అరిచేశాను. చావింట్లో అలా అరవకూడదు, తెలుసు. చెల్లెలుగారు వచ్చి ఆవిడ భుజం పట్టుకుని, "ఉతకనివ్వండి అక్కయ్యగారూ. ఆ పిల్లకి నేర్పింది మా అక్కే" అన్నారు.

పొడి చిటికెడే వేశాను. బాదలేదు, మెలిపెట్టలేదు. మూడుసార్లు జాడించాను. తువ్వాల్లో చుట్టి ఒత్తి, వెనక వరండాలో నీడ పడే తీగ మీద ఆరేశాను. తర్వాత బకెట్ శుభ్రంగా కడిగి, నీళ్ళు నింపి, మేడమ్‌కి స్నానం చేయించడానికి తీసుకెళ్ళాను.

మర్నాడు సమాధి దగ్గర నుంచి అటే తెనాలి వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత చెల్లెలుగారు ఫోన్ చేశారు. "ఆ టీషర్టు ఇంకా తీగ మీదే ఉందమ్మా. ఎప్పుడో ఆరిపోయింది. తీసి మడత పెడదామంటే చెయ్యి రావట్లేదు" అన్నారు.

"ఉండనివ్వండి. అక్కడ ఎండ పడదు, రంగు పోదు" అన్నాను.